బహుమతి ఇస్తామంటేనే కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు. చిన్నప్పటి నుంచి తనంతట తానే కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాడు. అది చూసి ముచ్చటపడి, ప్రతి ప్రోగ్రాముకూ, ప్రతి పరీక్షకూ ఏదో ఒక బహుమతి ఇస్తామని చెబుతూ వచ్చాం. ఇప్పుడు ఇస్తామంటే తప్ప కంప్యూటర్ ముట్టుకోవడం లేదు. గణితమైతే ఏమిస్తామన్నా ముట్టుకోవడం లేదు. అతడిని కంప్యూటర్ సైన్సులో చేర్పించవచ్చా?

జవాబు: ఆసక్తి పోయిందని అప్పుడే తేల్చేయకండి. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వవేత్తలు, స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే ఇష్టపడే చిన్నపిల్లలను ఎంచుకుని, కొందరికి బొమ్మ వేస్తే రిబ్బను కట్టిన ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. మరికొందరికి ముందు చెప్పకుండా, వేసిన తరువాత ఇచ్చారు. మిగిలినవారికి ఏమీ ఇవ్వలేదు. కొద్ది రోజుల తరువాత అవే పెన్నులు తరగతిలో పెట్టి గమనిస్తే, ముందే మాట ఇచ్చి బహుమతి అందించిన పిల్లలు మిగిలినవారితో పోలిస్తే దాదాపు సగం సమయమే వాటితో గడిపారు. అనుకోకుండా బహుమతి అందుకున్నవారిలో మాత్రం ఆసక్తి తగ్గలేదు. కాబట్టి చిక్కు బహుమతిలో కాదు, ముందుగా కుదుర్చుకునే బేరంలో ఉంది. మీ ఇంట్లోనూ ఇదే జరిగి ఉండవచ్చు.

ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయన్ అనే మనస్తత్వవేత్తలు రూపొందించిన సిద్ధాంతం ప్రకారం మనసు పెట్టి పనిచేయడానికి మూడు అవసరాలు తీరాలి: నిర్ణయం తనదన్న భావన, చేయగలనన్న నమ్మకం, తనవాళ్లతో అనుబంధం. ప్రోగ్రాముల విషయంలో మొదటిది దెబ్బతిన్నట్లు కనిపిస్తోంది. ఆ బేరం ఆపేసి, ఏం రాయాలో అతడికే వదిలేయండి. రాసినది చూపిస్తే, ఈ లోపాన్ని ఎలా పట్టుకున్నావని అడిగి, చెప్పేది ఓపికగా వినండి.

గణితం సంగతి వేరు. ప్రయత్నిస్తే ఫలితం వస్తుందన్న నమ్మకం, ఆ ఫలితానికి ప్రతిఫలం దక్కుతుందన్న నమ్మకం, ఆ ప్రతిఫలంపై కోరిక, ఈ మూడింటి గుణకారమే ప్రేరణ అని విక్టర్ వ్రూమ్ అనే మనస్తత్వవేత్త 1964లో వివరించారు. వాటిలో ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నాయే. ఎంత చదివినా లెక్క రాదని అతడు అనుకుంటున్నట్లయితే, మీరు బహుమతి పెంచి లాభం లేదు. ఏ పాఠం దగ్గర పట్టు తప్పిందో ఉపాధ్యాయుడితో చూపించి, అక్కడి నుంచి తేలిక లెక్కలతో మళ్లీ మొదలుపెట్టించాలి.

కోర్సు నిర్ణయాన్ని దరఖాస్తు గడువు వరకు వాయిదా వేయండి. ఎవరూ చెప్పకుండా ప్రోగ్రాములు మళ్లీ రాస్తుంటే, గణితం కాస్త బలహీనంగా ఉన్నా చేర్పించవచ్చు. అప్పటికీ రాయకపోతే, మిగిలిన కోర్సుల వివరాలు తెప్పించి, ఎంపిక అతడినే చేసుకోనివ్వండి.