ఇల్లు కుదువ పెట్టి బీఏ ఇంగ్లీష్ చదివించాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. కిరాణా కొట్టు మీద నెలకు 35 వేల దాకా వస్తుంది. మా అమ్మాయి ఇంటర్ హెచ్‌ఈసీ మంచి మార్కులతో పాసైంది. ఇంగ్లీష్ లిటరేచర్ చదివి లెక్చరర్ అవుతానంటోంది. హైదరాబాద్ దగ్గర ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో సీటు వచ్చింది, 25 వేలు కట్టి సీటు ఖాయం చేసుకున్నాం. ఫీజు, హాస్టల్ కలిపి మూడేళ్ళకు 12 లక్షలు. మా చేతిలో 3 లక్షలున్నాయి, మిగతా 9 లక్షలకు బ్యాంకు వాళ్ళు ఇంటి కాగితాలు అడుగుతున్నారు. మా బావమరిది "అంత అప్పు చేసేదేదో బీటెక్‌కి చెయ్యి, ఇంగ్లీష్‌తో ఏమొస్తుంది" అంటున్నాడు. పిల్ల రెండు రోజులుగా సరిగా అన్నం తినడం లేదు. తన పెళ్ళికని వేసిన 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. బాబు తొమ్మిదో తరగతి. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు అమ్మాయిని అన్నం తినమనండి. ఆమె ఎంచుకున్న చదువులో తప్పేం లేదు. నాకు టెన్షన్‌గా ఉన్నది ఆ 12 లక్షల రేటు చూసే. మీ బావమరిది ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుతున్నారు. ఇష్టం లేని పిల్లను బీటెక్‌లో వేసి, బ్యాక్‌లాగులతో నాలుగేళ్ళు ఈడ్చి, అప్పు మాత్రం పూర్తిగా మిగుల్చుకున్న ఇళ్ళు నేను చాలా చూశాను.

ఇక లెక్క. వడ్డీ 10 శాతం అనుకుందాం, ఏడాదికి 3 లక్షల చొప్పున తీసుకుంటారు. చదివినన్నాళ్ళు, ఆ తర్వాత ఒక ఏడాది బ్యాంకు కిస్తీ అడగదు. అడగదు అంటే వడ్డీ పడదని కాదు. మొదటి 3 లక్షల మీద నాలుగేళ్ళు, రెండో దాని మీద మూడేళ్ళు, మూడో దాని మీద రెండేళ్ళు పడుతుంది. మొత్తం 2 లక్షల 70 వేలు. కిస్తీ మొదలయ్యే రోజుకు బాకీ 9 కాదు, 11 లక్షల 70 వేలు. పదేళ్ళకు పెట్టుకుంటే నెలకు దాదాపు 15,460. పదిహేనేళ్ళకు సాగదీస్తే 12,570కి తగ్గుతుంది కానీ, చివరికి కట్టేది 22 లక్షలు దాటుతుంది.

నా దగ్గరకు వచ్చే కుటుంబాల్లో బీఏ ఇంగ్లీష్‌తో ఆపి ఉద్యోగంలో చేరిన పిల్లల మొదటి జీతం 18 వేల నుంచి 25 వేల మధ్య ఉంటోంది. ప్రైవేట్ స్కూలు, కంటెంట్ రాసే పని, కాల్ సెంటర్, ఇలాంటివి. 22 వేల జీతంలో 15 వేల కిస్తీ పోతే హైదరాబాద్‌లో ఆ పిల్ల హాస్టల్ ఫీజు కూడా మీరే పంపాలి. చేతికొచ్చే జీతంలో నాలుగో వంతు మించి చదువు కిస్తీకి పోకూడదని నేను గట్టిగా పట్టుకుంటాను. ఆ లెక్కన 22 వేలకు 5,500.

అసలు విషయం ఇంకోటుంది. మీ అమ్మాయి కావాలంటున్నది లెక్చరర్ ఉద్యోగం. దానికి బీఏ మొదటి మెట్టు మాత్రమే. ఎంఏ చెయ్యాలి, జూనియర్ లెక్చరర్ పోస్టుకైనా ఎంఏ ఉండాల్సిందే, ఆపైన కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష నెట్. స్కూలు వైపు వెళ్తే బీఈడీ, టెట్, డీఎస్సీ. అంటే ఆమె సంపాదన మొదలవడానికి అయిదారేళ్ళు పడుతుంది, అప్పు మాత్రం నాలుగేళ్ళు నిండగానే కిస్తీ అడుగుతుంది. మూడేళ్ళకే ఇల్లు కుదువ పెట్టేస్తే ఎంఏకి ఏం పెడతారు? అదే అప్పు తేలిగ్గా ఉంటే ఈ దారి బాగానే పండుతుంది. నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే, అంటే పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్, నెలకు 37,000. యూనివర్సిటీల నియంత్రణ సంస్థ యూజీసీ స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700తో మొదలవుతుంది. అందరికీ వస్తాయని చెప్పను, పోటీ గట్టిది. రాకపోయినా నిలబడగలిగే అప్పే చెయ్యాలంటున్నాను.

హైదరాబాద్‌లోనే తార్నాకలో ఇఫ్లూ ఉంది. 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా మొదలై 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయింది. పని చేసేదే ఇంగ్లీష్, విదేశీ భాషల మీద. అమ్మాయి సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాసి ఉంటే అక్కడ ప్రయత్నించండి. రాయలేదా, డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్ దోస్త్‌లో కోఠి మహిళా యూనివర్సిటీ మొదటి ఆప్షన్‌గా పెట్టండి. ఫీజులో ప్రైవేట్‌తో పోలికే లేదు. మూడేళ్ళపాటు హాస్టల్, పుస్తకాలతో కలిపి ఏడాదికి 70 వేలు అప్పు తెచ్చినా, పై పద్ధతిలో వడ్డీతో 2 లక్షల 73 వేలవుతుంది. ఏడేళ్ళ కిస్తీ నెలకు 4,530. మీ చేతిలోని 3 లక్షలు ఎంఏకి కదపకుండా ఉంచవచ్చు.

లోన్ విషయంలో రెండు మాటలు. ఏడున్నర లక్షలు దాటితేనే బ్యాంకులు మామూలుగా తాకట్టు అడుగుతాయి, మీ ఇంటి కాగితాల గొడవ అక్కడ వచ్చింది. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం జాబితాలో ఉన్న సంస్థల్లో మెరిట్ మీద సీటు వస్తే తాకట్టు, హామీదారు అక్కర్లేదు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే 10 లక్షల వరకు అప్పు మీద, కిస్తీ మొదలయ్యేదాకా 3 శాతం వడ్డీ రాయితీకి కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. ఏ కాలేజీ అయినా సరే, ఆ జాబితాలో ఉందో లేదో పోర్టల్‌లో చూడకుండా బ్యాంకు మెట్లెక్కకండి.

పెళ్ళి ఎఫ్‌డీ గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను. అప్పు మీద 10 శాతం కడుతూ ఎఫ్‌డీ మీద 7 శాతం తీసుకోవడం అంటే, కొట్టులో సరుకు కొన్న ధర కన్నా తక్కువకు అమ్మడం. దాన్ని ముట్టుకోవద్దు అనిపించడం నాకు అర్థమవుతుంది, మా ఇంట్లోనూ అలాంటిదొకటి ఉంది. కనీసం చదువుతున్న రోజుల్లో పడే వడ్డీనైనా ఆ ఎఫ్‌డీ మీద వచ్చే దానితో ఎప్పటికప్పుడు కట్టేయండి. చాలా బ్యాంకులు అలా కట్టేవాళ్ళకు వడ్డీ రేటు కొంత తగ్గిస్తాయి, మీ బ్రాంచిలో అడగండి.

అమ్మాయి ఆ యూనివర్సిటీయే కావాలని పట్టుబడితే, అడ్మిషన్ ఆఫీసులో రంగుల బ్రోచర్ పక్కన పెట్టి ఒకటే అడగండి: పోయిన ఏడాది బీఏ ఇంగ్లీష్ బ్యాచ్‌లో ఎంతమంది ఉన్నారు, ఎవరికి ఎంత జీతం వచ్చింది? ఆ కవర్ మీద ఉండే 20 లక్షల ప్యాకేజీ ఎక్కువసార్లు కంప్యూటర్ సైన్స్ పిల్లవాడిదే. కాగితం మీద ఇవ్వకపోతే మీకు జవాబు దొరికినట్టే.

మీరు కట్టిన 25 వేలు పోయినట్టే అనుకుంటున్నారేమో. యూజీసీ 2018 నిబంధన ప్రకారం, అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులు, అంతకన్నా ముందే సీటు వదులుకుంటే కట్టిన ఫీజంతా వెనక్కివ్వాలి. పట్టుకునేది 5 శాతం, అదీ 5,000 మించకూడదు. తేదీ దగ్గరపడే కొద్దీ వెనక్కి వచ్చే శాతం పడిపోతుంది, చివరి తేదీ తర్వాత నెల దాటితే ఏమీ రాదు. దోస్త్‌లో సీటు చేతికి రాగానే ఉత్తరం రాసి, ఒక కాపీ మీద వాళ్ళ స్టాంపు వేయించుకోండి. ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి.