ఇంగ్లండ్‌లో ఇద్దరి పేరు మీద ఇల్లు, విడిపోయాక గొడవ: ఏ లాయర్‌ను నమ్మాలి?

ప్రశ్న: నేను, నా స్నేహితుడు ఇంగ్లండ్‌లో పెళ్లి చేసుకోకుండానే కొన్నేళ్లు కలిసి ఉన్నాం. రెడింగ్‌లో ఇద్దరి పేరు మీద హోమ్ లోన్ తీసుకుని ఇల్లు కొన్నాం. డిపాజిట్‌లో ఎక్కువ భాగం మా నాన్న పొలం అమ్మి పంపిందే. ఇప్పుడు విడిపోయాం. నేను హైదరాబాద్ వచ్చేశాను, అతను ఆ ఇంట్లోనే ఉంటూ అమ్మనని, వాటా ఇవ్వనని అంటున్నాడు. కొన్నప్పుడు మా ఇద్దరి కాగితాలూ చూసిన లాయర్‌కే కేసు ఇవ్వమని తెలిసినవాళ్లు చెబుతున్నారు. నమ్మొచ్చా?

జవాబు: ఆయన మంచివారే కావచ్చు, కానీ ఈ కేసుకు వద్దమ్మా. అప్పుడు మీ ఇద్దరి తరఫునా పనిచేసిన మనిషి ఇప్పుడు ఒకరి పక్షాన రెండోవారి మీద నిలబడకూడదు, ఆ మాట ఆయనే చెప్పాలి. పైగా రిజిస్ట్రేషన్ పని వేరు, కోర్టులో వాటా తేల్చుకోవడం వేరు. ఇల్లు అక్కడుంది కాబట్టి అక్కడి కోర్టే తేల్చాలి, ఇక్కడ మేం కేసు వేసినా లాభం లేదు.

పెళ్లి కాలేదు కాబట్టి మీకు విడాకుల చట్టం వర్తించదు. కొన్నేళ్లు కలిసి ఉంటే భార్యాభర్తలతో సమానమైపోతారని చాలామంది నమ్ముతారు గానీ ఇంగ్లండ్ చట్టంలో అది లేదు. మీ కేసు 1996 నాటి ట్రస్ట్స్ ఆఫ్ ల్యాండ్ చట్టం కింద నడుస్తుంది, అక్కడి లాయర్లు దాన్ని టొలాటా అంటారు. అందుకే మీరు మాట్లాడే ప్రతి సొలిసిటర్‌నూ (అక్కడ ఇలాంటి కేసులు చేపట్టే లాయర్‌ను) ముందు అడగాల్సింది ఇదే: టొలాటా కేసులు మీరే స్వయంగా నడిపారా, కోర్టు దాకా ఎన్ని వెళ్లాయి? విడాకులు మాత్రమే చూసేవాళ్లు దీనికి సరిపోరు.

పేరు వినగానే అక్కడి సొలిసిటర్లను నియంత్రించే సంస్థ సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ వెబ్‌సైట్‌లోని రిజిస్టర్‌లో వెతకండి, ఉచితమే. వాళ్ల ఆఫీసుకు అక్కడున్న వివరాలను బట్టి మీరే ఫోన్ చేయండి, మెయిల్లో వచ్చిన నంబర్‌కు కాదు. అసలు లాయర్ల పేర్లతో నకిలీ మెయిళ్లు పంపి డబ్బు లాగేవాళ్లున్నారు, కాబట్టి "మా బ్యాంక్ అకౌంట్ మారింది" అని మెయిల్ వస్తే పైసా కూడా పంపకుండా మళ్లీ రిజిస్టర్ ద్వారా దొరికిన నంబర్‌కే ఫోన్ చేసి అడగండి. పవర్ ఆఫ్ అటార్నీ అక్కడి బంధువులకు ఇచ్చేయమని ఎవరైనా అంటే తొందరపడకండి. సొలిసిటర్‌తో వీడియో కాల్లో మీరే మాట్లాడొచ్చు, గుర్తింపు కోసం నోటరీ ధ్రువీకరించిన పాస్‌పోర్ట్ కాపీ వాళ్లు మిమ్మల్ని అడగొచ్చు.

మాట్లాడే ముందు మీ కొనుగోలు ఫైల్లోంచి టీఆర్1 ఫారం (ఇల్లు మీ పేర్ల మీదకు మార్చిన పత్రం) తీసి 10వ గడి చూడండి. అక్కడ మూడు చోట్ల టిక్ పెట్టే వీలుంటుంది: జాయింట్ టెనెంట్స్ (విడి వాటాలు లేకుండా ఇల్లంతా ఇద్దరిదీ), సమాన వాటాలతో టెనెంట్స్ ఇన్ కామన్ (ఎవరి సగం వారిది), లేదా ఇంకో పద్ధతి. ఇక్కడ టెనెంట్స్ అంటే అద్దెకున్నవాళ్లు కాదు, యజమానులే. మొదటి రెండింట్లో దేనికి టిక్ ఉన్నా మోసమో పొరపాటో జరిగిందని రుజువు చేస్తే తప్ప చెరి సగమే, మీ నాన్నగారి డబ్బు ఎక్కువన్న మాట దాదాపు నిలబడదు. లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకులు ఇలాంటి డబ్బును బహుమతిగా ఇస్తున్నానని తండ్రి చేత సంతకం పెట్టించుకుంటాయి, ఆ ఉత్తరం కూడా వెతకండి. వినడానికి బాధగా ఉంటుంది, కానీ ఈ కాగితాలు చూడకుండానే "మీకు డెబ్భై శాతం ఇప్పిస్తా" అనే లాయర్‌ను అక్కడితో వదిలేయండి.

జాయింట్ టెనెంట్స్ అయితే ఇంకో ప్రమాదం: మీకేమైనా అయితే వీలునామా రాసినా మీ వాటా అమ్మానాన్నలకు రాదు, అతనికే పోతుంది. రాతపూర్వక నోటీసు ఒకటి ఇచ్చి ఈ ఉమ్మడి హక్కును ఎవరి వాటా వారిదిగా విడగొట్టవచ్చు, అతని ఒప్పుకోలు అక్కరలేదు. మొదటి మాటల్లోనే ఈ నోటీసు సంగతి ఎత్తిన సొలిసిటర్‌కు పని తెలుసని నా నమ్మకం.

ఫీజు గంటల లెక్కన ఉంటుంది, అంచనా రాతలో తీసుకోండి. ఇది విడాకుల కేసు లాంటిది కాదు, ఓడినవాళ్లు సాధారణంగా ఎదుటివాళ్ల ఖర్చులో చాలా భాగం భరించాలి. అందుకే ముందు మధ్యవర్తి దగ్గర కూర్చోబెట్టే ప్రయత్నం చేసేవాళ్లనే నేనైతే ఎంచుకుంటాను, కోర్టు కూడా అదే ఆశిస్తుంది.

ఈలోగా ఈఎంఐ సంగతి చూడండి. అతను కట్టడం మానేస్తే బ్యాంకు మొత్తం బాకీ మిమ్మల్ని కూడా అడగవచ్చు, ఇంట్లో ఉండటం లేదన్న జవాబు చెల్లదు. ఇల్లు అమ్ముడయ్యే నాటికి మీరు ఇండియాలో స్థిరపడి ఉంటే, పన్ను పడినా పడకపోయినా 60 రోజుల్లోపు బ్రిటన్ పన్ను శాఖకు తెలపాలి, ఆ పని ఎవరు చేస్తారో కూడా సొలిసిటర్‌ను ముందే అడగండి.