సందేహాలు – సమాధానాలు: విషయశీర్షికల్లో విభక్తులు అవసరమా?

సందేహం: మా గ్రంథాలయ కేటలాగును ఫేసెట్ పద్ధతిలోకి, అంటే శీర్షికను అంశాలుగా విడగొట్టి చూపే పద్ధతిలోకి మారుస్తున్నాము. పాఠకుడు ఒక మాట వెతకగానే విషయం, స్థలం, కాలం, రూపం అనే వడపోతలు పక్కన కనిపిస్తాయి. ఇంతవరకు మేము ‘పంతొమ్మిదో శతాబ్దపు జపాన్ విద్యా చరిత్ర’ వంటి శీర్షికలు పెడుతూ వచ్చాము. ఇకమీదట ‘విద్య – చరిత్ర’, ‘జపాన్’, ‘19వ శతాబ్దం’ అని విడివిడిగా పెట్టాలంటున్నారు. విభక్తులూ సమాసాలూ లేని ఈ ముక్కలు తెలుగు నుడికారానికి విరుద్ధం కావా?

సమాధానం: కావు. శీర్షిక వాక్యం కాదు, వాక్యంలో భాగమూ కాదు. అది ఒక విషయానికి పెట్టిన పేరు. ‘కంటికి’ అన్న మాటకు అర్థం కావలసినవారు నిఘంటువులో ‘కన్ను’ దగ్గరే చూస్తారు. అలా ప్రథమావిభక్తిలో మాటను నిలపడం మన కోశకారులకు మొదటినుంచీ ఉన్న సంప్రదాయమే.

పైగా తెలుగుకు ఈ జాగ్రత్త మరింత అవసరం. మన భాషలో ఒక నామం మరో నామానికి విశేషణమైనప్పుడు తరచుగా తన రూపాన్నే మార్చుకుంటుంది: కన్ను ‘కంటి’ అవుతుంది, నీరు ‘నీటి’ అవుతుంది, శతాబ్దం ‘శతాబ్దపు’ అవుతుంది. అక్షరాలను పోల్చి చూసే యంత్రానికి ‘కన్ను’కూ ‘కంటి’కీ ఉన్న చుట్టరికం ఎవరైనా చెబితే తప్ప తెలియదు గనుక, పుస్తకానికి ‘కంటి వ్యాధులు’ అన్న శీర్షిక ఒక్కటే ఉంటే ‘కన్ను’ అని వెతికినవారికి అది దొరకదు. శీర్షికను ‘కన్ను – వ్యాధులు’ అని పెట్టి, ‘కంటి వ్యాధులు’ దగ్గరనుంచి దానికి ‘చూడుము’ అనే సూచన ఇస్తే ఇద్దరు పాఠకులూ ఒకే చోటికి చేరుతారు.

అయితే ఎంతవరకు విడగొట్టాలన్నది వేరే ప్రశ్న. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అనే గ్రంథాలయం 1898లో పని మొదలుపెట్టిన విషయశీర్షికల పట్టిక కార్డుల కాలానిది. విషయాన్నీ స్థలాన్నీ కాలాన్నీ రూపాన్నీ వరుసగా గుచ్చి ఒకే శీర్షికగా నిలిపే పద్ధతి అందులో స్థిరపడింది. ఆ పదజాలాన్నే ఆధారం చేసుకొని, 1998లో గ్రంథాలయాల సహకార సంస్థ ఓసీఎల్‌సీ ఆ గ్రంథాలయంతో కలిసి ఫాస్ట్ (FAST) అనే ఫేసెట్ శీర్షికల పద్ధతిని రూపొందించడం మొదలుపెట్టింది. అది స్థలాన్నీ కాలాన్నీ రూపాన్నీ వేరుచేసింది గాని, విషయంనుంచి దాని ఉపవిభాగాన్ని విడదీయలేదు. మీకు చెప్పిన ‘విద్య – చరిత్ర’ కూడా అలా కలిసి ఉండవలసిందే. విషయాన్ని ఇలా అంశాలుగా విడదీసి చూడడం కొత్తదేమీ కాదు. 1933లో వెలువడిన కోలన్ వర్గీకరణ అనే పుస్తక వర్గీకరణ పద్ధతిలో గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారు చేసింది అదే.

విడగొట్టడంవల్ల భాషాపరంగా ఒక పెద్ద మేలు కూడా ఉంది. ‘పిల్లల కథలు’ అన్న శీర్షికను చూడండి. పిల్లల కోసం రాసిన కథలా, పిల్లలు రాసిన కథలా, పిల్లల జీవితాన్ని గురించిన కథలా? షష్ఠి ఈ మూడింటికీ సరిపోతుంది కాబట్టి మాటల్లో తేడా కనిపించదు. ఫేసెట్లలో రూపం ‘కథలు’ అవుతుంది. ‘పిల్లలు’ అన్న మాట పాఠకవర్గం కిందకు వస్తుందా, రచయితల వర్గం కిందకు వస్తుందా, విషయం కిందకు వస్తుందా అన్నది కేటలాగు చేసేవారు తేల్చి తీరాలి. మార్క్ (MARC) రికార్డులో, అంటే కంప్యూటరు చదవగలిగేలా రాసిన కేటలాగు నమోదులో, పాఠకవర్గానికి 385, రచయితల వర్గానికి 386 అనే వేర్వేరు క్షేత్రాలు ఇందుకోసమే ఉన్నాయి. వ్యాకరణం తేల్చకుండా వదిలిన సంబంధాన్ని ఇక్కడ కేటలాగు తేలుస్తున్నది.

దీనికి వ్యతిరేకమైన సందర్భమూ ఉంది, దాన్ని మీరు తప్పక గమనించాలి. ‘ఉపాధ్యాయులపై విద్యార్థుల అభిప్రాయాలు’, ‘విద్యార్థులపై ఉపాధ్యాయుల అభిప్రాయాలు’ అన్నవి రెండు వేర్వేరు విషయాలు. విభక్తులు తీసివేస్తే రెండింటికీ ఉపాధ్యాయులు, విద్యార్థులు, అభిప్రాయాలు అనే అవే మూడు మాటలు మిగులుతాయి. సంబంధమంతా విభక్తిలోనే ఉన్నప్పుడు పదబంధాన్ని చెక్కుచెదరకుండా శీర్షికగా ఉంచడమే న్యాయం. అలాగే ‘బాలసాహిత్యం’ వంటి రూఢి సమాసాలను బాలలు, సాహిత్యం అని విప్పకూడదు. ఆ రెండు ముక్కలనూ కలిపితే ఆ భావం తిరిగి రాదు.

పాత శీర్షికలను మాత్రం రికార్డులోనుంచి తొలగించకండి. ఒకే పుస్తకంలో జపాన్ విద్య గురించీ చైనా వ్యవసాయం గురించీ ఉంటే, ముక్కలైన తరువాత ‘విద్య’, ‘చైనా’ అని వడగట్టినవారికి కూడా ఆ పుస్తకం వచ్చి నిలుస్తుంది. చైనా విద్య గురించి అందులో ఒక్క పుట కూడా ఉండదు. పూర్తి శీర్షిక తెరమీద కనిపిస్తుంటే పాఠకుడు చూడగానే ఆ సంగతి గ్రహిస్తాడు.

ఇక రూపాల విషయం. నవలా ప్రక్రియను గురించిన విమర్శగ్రంథానికి విషయం కింద ‘నవల’ అనీ, నవలలకే అయితే రూపం కింద ‘నవలలు’ అనీ ఏకవచన బహువచనాలతో తేడా చూపవచ్చు. శతాబ్దాలను అంకెల్లోనే రాయండి; అక్షరాల్లో రాస్తే అకారాది క్రమంలో ‘ఇరవయ్యో శతాబ్దం’ ‘పంతొమ్మిదో శతాబ్దం’ కంటే ముందు వచ్చి కూర్చుంటుంది. ‘వ్యవసాయము’, ‘వ్యవసాయం’ రెండూ సాధురూపాలే అయినా, వడపోతలో అవి రెండు వరుసలుగా చీలి పుస్తకాలను పంచుకుంటాయి. అందుచేత శీర్షికలన్నిటా సున్నతో ముగిసే రూపాన్నే వాడి, ‘ము’తో ముగిసే రూపాన్ని ప్రామాణిక పట్టికలో ‘చూడుము’ కింద చేర్చండి.