చిన్న బట్టల షాపుకి కూడా డేటా చట్టం వర్తిస్తుందా?

వర్తిస్తుంది. బిల్లు దగ్గర తీసుకున్న ఫోన్ నంబర్లు కంప్యూటర్‌లో ఎక్కిస్తే, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కిందికి వచ్చినట్టే. కాగితం పుస్తకంలోనే ఉంచితే రాదు.

రసీదు మెసేజ్ పంపమని కస్టమర్ తనే నంబరిస్తే, ఆ పనికి వాడుకోవచ్చు. అదే నంబరుకి ఉగాది ఆఫర్లు పంపాలంటే మాత్రం విడిగా అనుమతి అడగాలి. చాలామంది దొరికిపోయేది ఇక్కడే అనిపిస్తుంది. అనుమతి అడిగేటప్పుడు ఇచ్చే నోటీసు తెలుగులో చదువుకునే వీలుండాలి. అనుమతి ఇవ్వడం ఎంత తేలికో, వెనక్కి తీసుకోవడమూ అంతే తేలిక కావాలి.

నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. కాబట్టి టెన్షన్ వద్దు. లాయర్ దగ్గరికి వెళ్లేముందు నంబర్లు ఎవరి ఫోన్లో, ఏ ఎక్సెల్ షీట్‌లో ఉన్నాయో రాసుకోండి. భద్రతలో నిర్లక్ష్యానికి జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయలు (చిన్న షాపుకి అంత వేస్తారని కాదు).