హైకోర్టు జడ్జి కావాలంటే ఏ పరీక్ష రాయాలి?

ప్రశ్న: మా అమ్మాయి లా మూడో సంవత్సరం. హైకోర్టు జడ్జి కావాలని పట్టుదలగా ఉంది. ఏ పరీక్ష రాయాలి? నోటిఫికేషన్ ఎప్పుడొస్తుంది?
– ఒక తల్లి, అనంతపురం

జవాబు: ఆ పదవికి పరీక్ష లేదు, నోటిఫికేషన్ లేదు, దరఖాస్తూ లేదు. రాజ్యాంగం 217వ అధికరణం ప్రకారం భారత పౌరులై ఉండాలి. హైకోర్టు అడ్వకేటుగా పదేళ్లు గానీ, కింది కోర్టుల్లో న్యాయాధికారిగా పదేళ్లు గానీ పూర్తి కావాలి. అలాగని పదేళ్లు నిండగానే పిలుపు రాదు. బార్ నుంచి, అంటే లాయర్ల నుంచి ఎంపికయ్యేవారు సాధారణంగా 45 నుంచి 55 ఏళ్ల మధ్యవారు.

ఖాళీ ఏర్పడటానికి ఆరు నెలల ముందే హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, ఆయన తర్వాతి ఇద్దరు సీనియర్ జడ్జిలు కలిసి పేర్లు పంపాలి. ఆ ముగ్గురినే హైకోర్టు కొలీజియం అంటారు. ఫైలు ముఖ్యమంత్రి, గవర్నర్ల అభిప్రాయంతో ఆరు వారాల్లో కేంద్ర న్యాయశాఖకు చేరాలి. అక్కడ ఇంటెలిజెన్స్ బ్యూరో నివేదిక జతపడుతుంది. తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి, మరో ఇద్దరు సీనియర్ జడ్జిలున్న సుప్రీంకోర్టు కొలీజియం పరిశీలిస్తుంది. వారు ఒప్పుకుంటే న్యాయశాఖ, ప్రధానమంత్రి మీదుగా రాష్ట్రపతి సంతకానికి వెళ్తుంది.

ఆగిపోయేది ఎక్కువగా ఢిల్లీలోనే. కేంద్రం అభ్యంతరం చెప్పాక కూడా కొలీజియం ఏకగ్రీవంగా రెండోసారి పంపిన పేరుకు 3–4 వారాల్లో నియామకం ఇవ్వాలని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఒకే జాబితాలోంచి కొన్ని పేర్లకు ముందు, కొన్నింటికి తర్వాత ఉత్తర్వులు రావడం మనం చూస్తున్నాం. దీని నష్టం చిన్నది కాదు: ముందు నియామకం పొందినవారు సీనియర్లవుతారు, ఆ వరుస పదవీ విరమణ దాకా మారదు. ఎదురుచూసే లాయరేమో కొత్త కేసులు తీసుకోవాలా వద్దా అని సతమతమవుతారు. విసిగిపోయి, జడ్జి పదవికి ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకున్న మంచి లాయర్లున్నారు. వ్యవస్థకు ఇది నిజమైన లోటు.

మీ అమ్మాయి ఇప్పటి నుంచే చేయగలిగింది ఒకటుంది. పరిశీలనలో చూసేవి సొంతంగా వాదించిన కేసులు, వాటిలో వచ్చిన తీర్పులు, ఆదాయపన్ను వివరాలు, నడవడి. సీనియర్ వెనుక ఫైళ్లు మోస్తూ ఏళ్లు గడిపితే చూపించడానికి ఏమీ మిగలదు. రిట్లతో (ప్రభుత్వ చర్యలపై నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్లతో) పాటు సివిల్ అప్పీళ్లూ, క్రిమినల్ అప్పీళ్లూ చేయాలి. కింది కోర్టు సాక్ష్యం తెలుగులో ఉన్నా హైకోర్టు వ్యవహారం 348వ అధికరణం ప్రకారం ఇంగ్లీషులోనే. కాబట్టి తెలుగు వాంగ్మూలాన్ని అర్థం చెడకుండా ఇంగ్లీషులో పెట్టగల లాయరుకు మన హైకోర్టుల్లో విలువ ఎక్కువ.

ప్రశ్న: జూనియర్ సివిల్ జడ్జిగా చేరితే హైకోర్టు దాకా వెళ్లొచ్చా?
– ఒక లా విద్యార్థి, వరంగల్

జవాబు: వెళ్లొచ్చు. హైకోర్టు స్థానాల్లో సుమారు మూడో వంతు న్యాయాధికారులకు ఇవ్వడం ఆనవాయితీ. అడ్డు వచ్చేది వయసు. ఖాళీ ఏర్పడే నాటికి న్యాయాధికారికి 58½ ఏళ్లు దాటకూడదన్నది అమల్లో ఉన్న నియమం. జూనియర్ సివిల్ జడ్జి, సీనియర్ సివిల్ జడ్జి, జిల్లా జడ్జి మెట్లెక్కి, జిల్లా జడ్జీల సీనియారిటీలో పైకి వచ్చేసరికి చాలామందికి ఆ గీత దాటిపోతుంది.

2025 మే 20 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో తొలి మెట్టుకే మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరైంది. ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ (లాయరుగా తాత్కాలిక నమోదు) తేదీ నుంచి లెక్క. పదేళ్ల అనుభవమున్న లాయరు సర్టిఫికెట్ ఇస్తే దానిపై ప్రిన్సిపల్ న్యాయాధికారి ధ్రువీకరణ ఉండాలి. జడ్జి దగ్గర లా క్లర్కుగా చేసిన కాలమూ కలుస్తుంది. ఏడేళ్ల ప్రాక్టీసు ఉంటే నేరుగా జిల్లా జడ్జి పరీక్ష రాసే దారి ఉంది. హైకోర్టు మీద గురి ఉన్నవారికి వయసు రీత్యా అదే మేలు.

ప్రశ్న: హైకోర్టులో మా భూమి కేసు వాదనలు ముగిసి ఎనిమిది నెలలైంది. తీర్పు లేదు. జడ్జిగారికి ఉత్తరం రాయమంటారా?
– ఒక రైతు, తెనాలి

జవాబు: దయచేసి రాయకండి. పెండింగు కేసు గురించి కక్షిదారు జడ్జికి నేరుగా రాస్తే ఆయన ఆ కేసు నుంచి తప్పుకోవాల్సి రావచ్చు. అప్పుడు వాదనలు మళ్లీ మొదటికి.

దారి వేరే ఉంది. 2001లో అనిల్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, రిజర్వు చేసిన (వాదనలు ముగిశాక తర్వాత చెబుతామని ఆపిన) తీర్పు మూడు నెలల్లో రాకపోతే త్వరగా ఇవ్వమని అదే బెంచి ముందు దరఖాస్తు వేయవచ్చు. సెలవులు పోను రెండు రోజుల్లో దాన్ని లిస్టులో పెట్టాలి. ఆరు నెలలు దాటితే కేసును వేరే బెంచికి మార్చమని ప్రధాన న్యాయమూర్తిని కోరవచ్చు. మీకు రెండో హక్కు వచ్చేసింది. అయితే కొత్త బెంచి ముందు వాదనలు మొదటి నుంచి వినిపించాలి. అందుకే ముందు మొదటి దరఖాస్తే వేయించండి. ఆ జడ్జిగారి పదవీ విరమణ తేదీ కూడా మీ లాయరును కనుక్కోమనండి. తీర్పు చెప్పకుండా రిటైరైతే కేసు మళ్లీ వినాల్సిందే.

ప్రశ్న: అదనపు న్యాయమూర్తి అంటే అధికారాలు తక్కువా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కావు. బెంచి మీద అదనపు జడ్జి, శాశ్వత జడ్జి ఇద్దరూ సమానం. 224వ అధికరణం కింద అదనపు జడ్జిని గరిష్ఠంగా రెండేళ్లకు నియమిస్తారు. శాశ్వత స్థానానికి కొలీజియం మళ్లీ సిఫారసు చేయాలి. ఆ రెండేళ్లలో ఇచ్చిన తీర్పులను అప్పుడు పరిశీలిస్తారు.

ప్రశ్న: జీతం, బదిలీ, రిటైర్మెంటు సంగతులు చెప్పండి. మనవాళ్లలో ఎవరు పైకెళ్లారు?
– ఒక టీచరు, రాజమండ్రి

జవాబు: హైకోర్టు జడ్జికి నెలకు 2,25,000, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికి 2,50,000 రూపాయల మూలవేతనం. 222వ అధికరణం కింద దేశంలో ఏ హైకోర్టుకైనా బదిలీ చేయవచ్చు. మీ ఊళ్లోనే పుట్టిన కోకా సుబ్బారావు గారు 1954లో గుంటూరులో మొదలైన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లి 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఎన్.వి. రమణ గారు 2000లో ఇక్కడ హైకోర్టు జడ్జి, 2013లో ఢిల్లీ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, 2021లో భారత ప్రధాన న్యాయమూర్తి.

పదవీ విరమణ 62 ఏళ్లకు. 2025 మేలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో అదనపు జడ్జిగానే రిటైరైనవారికీ ఏడాదికి 13.5 లక్షల పూర్తి పెన్షన్ దక్కుతోంది. శాశ్వత జడ్జిగా చేసినవారు తర్వాత సుప్రీంకోర్టులోనూ, తాము పనిచేయని హైకోర్టుల్లోనూ తప్ప ఇంకెక్కడా ప్రాక్టీసు చేయకూడదు. జిల్లా కోర్టుకైనా, ట్రిబ్యునల్‌కైనా ఆ నిషేధం వర్తిస్తుంది.