సుక్కోత్ పండుగలో వాన పడితే దీవెనా, శాపమా?

ఈ ప్రశ్న చూడగానే నాకు ఉప్పులేని సూప్ గుర్తొచ్చింది.

మాది కోనసీమ. జెరూసలేంలో ఆరేళ్లు ఒక పెద్దాయన్ని చూసుకునే పని చేశాను. ఇంట్లోవాళ్లలాగే నేనూ ఆయన్ని ‘సబా’ అనేదాన్ని, అంటే తాత. తెలుగు బైబిల్లో పర్ణశాలల పండుగ అంటారే, యూదుల ఆ పండుగే సుక్కోత్. ఏడు రోజులు బయట ఆకుల కప్పు కిందే తినాలి.

మొదటి ఏడాది బాల్కనీ మీద ఖర్జూర మట్టలు పరిచే పని నాకిచ్చారు. కొబ్బరి తోటల్లో పెరిగినదాన్ని, పందిరి వెయ్యడం నాకొకరు నేర్పాలా? చినుకు కారకుండా దట్టంగా పరిచాను. సబా తలెత్తి చూసి సగం తీయించేశారు. ఎండ కంటే నీడ ఎక్కువుండాలట, కానీ రాత్రి సందుల్లోంచి నక్షత్రాలు కనబడితే మంచిదట. వాన దిగకపోతే అది ఇల్లే అవుతుందన్నారు. అంటే తడిసే వీలు పెట్టుకుని మరీ కట్టుకోవాలన్నమాట!

మూడో రాత్రి భోజనం మధ్యలో వాన పట్టుకుంది. మనవడు “లోపలికి పదండి” అన్నాడు. సబా కదల్లేదు. ఎప్పుడు లేవాలో మిష్నాలో, అంటే 1800 ఏళ్ల నాటి వాళ్ల ధర్మశాస్త్రంలో, ఒక కొలత ఉంది: గిన్నెలో జావ చెడిపోయేంత వాన పడితే లేవచ్చు. “నా సూప్ చెడిందా, చూడు” అని గిన్నె నా వైపు తోశారు. డాక్టరు చెప్పాడని ఉప్పు వెయ్యని సూప్ అది. వాన నీళ్లు కలిస్తే కొత్తగా చెడేదేముంది? “మధ్యాహ్నం ఎలా ఉందో అలాగే ఉంది సబా” అన్నాను. ఆయన గెలిచినట్టు చెంచా అందుకున్నారు. మనవడు నన్ను కొరికేసేలా చూశాడు.

అంతలో మట్టల్లోంచి ధార సరిగ్గా ఆయన నెత్తి మీదే పడింది. ముందు నెలలోనే న్యుమోనియా వచ్చి తగ్గిన మనిషి, నా టెన్షన్ నాది. లోపల్నుంచి బామ్మగారు ఒకే మాట అన్నారు: “హెద్యోత్!” మొద్దు అని తిట్టారనుకున్నాను. తిట్టే, కానీ శాస్త్రంలో ఉన్న తిట్టు. 16వ శతాబ్దంలో పోలండ్‌లోని క్రాకోలో ఉన్న రబ్బీ (యూదుల మతగురువు) మోషే ఇస్సెర్లెస్ రాశారట, వాన వల్ల మినహాయింపు దొరికాక కూడా లేవనివాడికి పుణ్యం రాదు, వాడు హెద్యోత్ అని. (మొదటి రాత్రి మాత్రం వేరు. వానలోనైనా అక్కడ ఓ రొట్టె ముక్క తినడం వాళ్ల ఆచారం.) సబా మారుమాట్లాడకుండా వీల్‌చైర్ బ్రేకు తీయమన్నారు.

ఇక శాపం మాట. యజమానికి పానపాత్ర కలిపివ్వబోయిన సేవకుడి మొహాన ఆయనే కూజాడు నీళ్లు కొడితే ఎలా ఉంటుందో, ఈ పండుగలో వాన అలాంటిదని మిష్నా అంటుంది. శాపానికి గుర్తు అని రబ్బీ యెహోషువ తేల్చేశాడు కూడా. నన్నడిగితే అది శాపం కాదు, వేళ తప్పిన వాన, అంతే. లోకానికి ఆ ఏడాది నీళ్లెన్నో దేవుడు తీర్చేదీ ఈ పండుగలోనే అంటారు. ఎనిమిదో రోజు వాన కోసం ప్రత్యేక ప్రార్థన ఉంది. అయినా రోజువారీ ప్రార్థనలో ‘వాన ఇవ్వు’ అని అడగడం ఇజ్రాయెల్లో ఇంకో 15 రోజులకు, వాళ్ల క్యాలెండర్‌లో హెష్వాన్ నెల 7న గానీ మొదలుపెట్టరు. పూర్వం పండుగకొచ్చిన ఆఖరి యాత్రికుడు యూఫ్రటీస్ నది చేరేదాకా దారిలో తడవకూడదని! నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

మనవాళ్ల వాట్సాప్‌లో మాత్రం గుడారాల పండుగకి (సుక్కోత్‌కే ఇంకో పేరు) చినుకు పడితే చాలు, బైబిల్లో జెకర్యా 14వ అధ్యాయం పెట్టి ‘దీవెన వర్షం’ అని ఊదరగొడతారు. పండుగకి రానివాళ్లకి వాన ఉండదని కదయ్యా అక్కడుంది, పండుగలో తడవమని కాదు. పైగా అక్టోబరులో కోనసీమలో వాన పడకపోతే కదా వింత!

ఆ రాత్రి సబా తల తుడిచి, అదే సూప్ వేడి చేసి ఇచ్చాను. ఒక చెంచా నోట్లో పెట్టుకుని, నన్ను చూసి, “ఇప్పుడు చెడింది” అన్నారు.