ముందుమాటకి ముందు ఓ మాట

చిరంజీవి చిన్నాకి, అత్త ఆశీస్సులు.

నీ కథల కట్ట అందింది. పన్నెండు కథలూ చదివాను, రెండు రాత్రులు పట్టింది. మూడు చాలా బాగున్నాయి. నాలుగు ఇంకోసారి తిరగరాస్తే నిలబడతాయి. మిగతా వాటి సంగతి నువ్వొచ్చినప్పుడు మాట్లాడుకుందాం. ఆరో కథ గురించి మాత్రం ఈ ఉత్తరం చివర్లో చెప్తాను.

ముందుమాట రాయమన్నావు. రాయను. అలగకు. మేనత్త రాసిన ముందుమాటని ఎవడూ నమ్మడు, నమ్మకూడదు కూడా. దానికి బదులు ఈ ఉత్తరం అనుకో. నువ్వు ఫోన్లో గబగబా అడిగినవాటికి అప్పటికప్పుడు జవాబు చెప్పడం నాకు చేతకాలేదు. నలభై ఏళ్లుగా రాస్తున్నాను, నాలుగు పుస్తకాలూ నా డబ్బుతోనే వేసుకున్నాను. మూడోదాని కాపీలు ఇంకా మంచం కింద అట్టపెట్టెలో ఉన్నాయి. చిన్నప్పుడు నువ్వు ఆ పెట్టె ఎక్కి ఫ్యాన్ స్విచ్ అందుకునేవాడివి. ఇన్నేళ్లలో నేను చూసిన తప్పుల్లో, నేను చేసిన వాటితో కలిపి, చాలావాటికి కారణం మొహమాటమే. అడిగినవాడు మనవాడు, కాదనలేం, అంతే.

మొదట నీ రివ్యూల గొడవ. పుస్తకం రాగానే మీ ఆఫీసులో ఇరవైమంది అమెజాన్‌లో ఐదేసి నక్షత్రాలు పెడతామన్నారని సంబరంగా చెప్పావు. వాళ్లలో తెలుగు చదవగలిగేవాళ్లెంతమందిరా అనడిగితే కాసేపు లెక్కపెట్టి ఆరుగురన్నావు. ఒకబ్బాయిది ఒడిశా అట, అయినా రాస్తాడట! ఆ అబ్బాయి మంచివాడే, అనుమానం లేదు. కానీ ఏం రాస్తాడు? "చాలా హృద్యంగా ఉంది" అని ఇంకెవడో రాసింది కాపీ కొడతాడు. అది చూసి ఏ కర్నూలులోనో ఒక మనిషి 200 రూపాయలు పెట్టి పుస్తకం కొంటాడు. నీ స్నేహితుడి మంచితనానికి డబ్బు కట్టేది ఆయన.

పైగా రచయిత కుటుంబసభ్యులు, దగ్గరి స్నేహితులు రివ్యూలు రాయకూడదని అమెజాన్ వాళ్ల నియమాల్లోనే ఉంది. పట్టుకుంటే తీసేస్తారు. మన దేశంలో కూడా 2022 నవంబరులో ప్రమాణాలు పెట్టే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్లు ఆన్‌లైన్ రివ్యూల కోసం ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం పెట్టారు, అప్పట్లో తప్పనిసరి చెయ్యలేదనుకో. అమెరికాలో సొంతంగా పుస్తకాలు వేసుకుని కిండిల్‌లో పది లక్షల కాపీలు దాటించిన ఒకాయన ఉండేవాడు. ఆయన 300 రివ్యూలు కొన్నాడని 2012లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. అమ్మినవాడి రేట్లు కూడా వేశారు, ఒకటైతే 99 డాలర్లు, ఇరవై అయితే 499. కూరగాయల బేరంలా లేదూ? ఆ పుస్తకాలు బాగుండి అమ్ముడయ్యాయో, రివ్యూల వల్ల అమ్ముడయ్యాయో ఇక ఎవరికీ తేలదు. ఆయనకి కూడా.

ఆ ఆరుగురికీ నువ్వే తలో కాపీ ఇవ్వు. చదివాక, రాయాలనిపిస్తే, తమ ఫేస్‌బుక్‌లో రాసుకోమను. "ఇతను మా ఆఫీసువాడు, పుస్తకం ఊరికే ఇచ్చాడు" అని మొదటి వాక్యంలోనే చెప్పమను. ఆ తరవాత ఎంత పొగిడినా పరవాలేదు.

దీనికి తిరగేసిన తప్పు ఒకటుంది, పొరపాటున కూడా అటు పోకు. 2023 డిసెంబరులో అమెరికాలో మొదటి నవల రాబోతున్న ఒక రచయిత్రి, పాఠకులు పుస్తకాలకి నక్షత్రాలిచ్చే వెబ్‌సైటు గుడ్‌రీడ్స్‌లో దొంగ అకౌంట్లు తెరిచి తనలాంటి కొత్తవాళ్ల పుస్తకాలకే ఒంటి నక్షత్రాలు పెట్టింది. దొరికిపోయింది. విడుదల కాకముందే ఆమె పుస్తకాన్ని ప్రచురణకర్తలు ఆపేశారు. మనవాళ్లలోనూ వాట్సాప్ గ్రూపుల్లో ఒకళ్ల కథని ఇంకొకళ్లు మూకుమ్మడిగా తొక్కడం చూస్తూనే ఉన్నాను. నిన్నూ చెయ్యి కలపమంటారు. ఫోన్ పక్కన పెట్టి టీ పెట్టుకో.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. మీ నాన్నకి తెలుసు, నీకు తెలీదు.

1984లో నాకు ఇరవైమూడేళ్లు. ఒక వారపత్రికకి కథ పంపాను. అంతకుముందు ఏడాది హాస్టల్ డాబా మీద, కరెంటు పోయిన రాత్రి, నా రూమ్మేటు తను చదివిన ఇంగ్లీషు కథ ఒకటి చెప్పింది. అది నా బుర్రలో ఉండిపోయింది. దాన్ని తెనాలి తీసుకొచ్చి, దొరగారిని కరణంగారిని చేసి, గుర్రబ్బండిని రిక్షా చేసి రాసేశాను. పత్రికలవాళ్లు అడిగే హామీపత్రం నీకు తెలుసుగా? "ఈ కథ నా సొంతం, దేనికీ అనువాదం గానీ అనుసరణ గానీ కాదు" అని, దాని కింద సంతకం కూడా పెట్టాను. అప్పుడు చెయ్యి వణకలేదు. మాటలన్నీ నావే కదా అనుకున్నాను.

కథ అచ్చయింది. 75 రూపాయలు మనియార్డరు వచ్చింది. మూడు వారాల తరవాత పాఠకుల ఉత్తరాల్లో ఎవరో ఏలూరు నుంచి మూలకథ పేరుతో సహా రాశారు. సంపాదకుడు నాకు కార్డు ముక్క పంపాడు, "వివరణ పంపగలరు" అని రెండే మాటలు. నేను యాదృచ్ఛికం అనీ, భావసారూప్యం అనీ రెండు పేజీలు రాశాను. మీ తాతయ్య అది చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "డాబా మీద విన్నావా, లేదా?" అన్నారు. అంతకుమించి ఒక్క మాట లేదు.

డబ్బు వెనక్కి పంపడానికి పోస్టాఫీసుకి వెళ్లాను. మనియార్డరు ఫారం అడుగున కబురు రాసుకోవడానికి కాస్త చోటుండేది. అందులో "ఇది విన్న కథ. నాది కాదు. క్షమించండి" అని రాశాను. కౌంటర్లో గుమాస్తా మామూలుగా అంకెలు చూసి ముద్ర కొట్టేసేవాడు. ఆ రోజు అడుగుదాకా చదివి, "రిక్షా కథ మీదేనామ్మా? మా ఆవిడకి చాలా నచ్చింది" అన్నాడు. రసీదు తీసుకుని ఎలా బయటపడ్డానో నాకు గుర్తులేదు. ఆ తరవాత ఆరేళ్లు ఏ పత్రికకీ ఏమీ పంపలేదు.

అనుసరణ తప్పు కాదురా. మూలం పేరు వేసి, హక్కులున్నవాళ్లని అడిగి చేస్తే అదొక పని. దాచిపెట్టడంలోనే ఉంది చిక్కంతా. 2019లో బ్రెజిల్ రచయిత్రి ఒకావిడ ప్రేమ నవలల్లో ఇతరుల వాక్యాలు పేరాలకి పేరాలు బయటపడితే, డబ్బిచ్చి రాయించుకున్నవాళ్లు చేశారంది. అట్టమీద పేరు మాత్రం ఆవిడదే.

ఇక నీ ఏఐ. అచ్చుతప్పులు చూపించమని అడిగానన్నావు, దానికి నాకేం అభ్యంతరం లేదు, మా రోజుల్లో ప్రూఫ్‌రీడరు చేసే పని అది. కానీ ఎనిమిదో కథ చివరి పేజీ నీది కాదు. నువ్వు చెప్పకపోయినా తెలిసిపోయింది. "రంగమ్మ తన అంతరంగపు లోతుల్లోకి ప్రయాణించింది" అట! రంగమ్మ మార్కెట్ దాటి ఎటూ ప్రయాణించే మనిషి కాదని మొదటి పేజీలో నువ్వే రాశావు. ఆ పేజీ చింపేసి, ముగింపు తోచకపోతే తోచేదాకా ఆగు. ఎవరి పుస్తకం వాళ్లే వేసుకునే అమెజాన్ కేడీపీలో పుస్తకం పెట్టేవాళ్లని 2023 సెప్టెంబరు నుంచి ఏఐ రాసిన భాగం ఉందా అని అడుగుతున్నారు. 2025లో అమెరికాలోనో ఎక్కడో ఒకావిడ నవల మధ్యలో ఏఐ ఇచ్చిన జవాబు యథాతథంగా అచ్చయిపోయింది, ఫలానా రచయిత్రి శైలికి దగ్గరగా మార్చానని. పాఠకులు ఫోటో తీసి ఊరంతా తిప్పారు. కనీసం తను రాసిందని చెప్పుకున్న పుస్తకాన్ని ఒక్కసారైనా చదువుకోవద్దూ!

డబ్బు తీసుకుని పుస్తకం వేసిపెట్టే ఆ ప్యాకేజీ వాళ్ల కాగితం చూశాను. 35,000 అడుగుతున్నారు, అందులో పుస్తకం గుర్తింపు నంబరు ఐఎస్‌బీఎన్‌కి 3,000 అట. ఢిల్లీలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఐఎస్‌బీఎన్ ఉచితంగా ఇస్తుంది. నీ పేరుమీదే తీసుకో. కాపీరైట్ రిజిస్ట్రేషన్‌కి 8,000 వేశారు. రాసిన క్షణమే హక్కు నీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కావాలనుకుంటే సాహిత్య రచనకి ప్రభుత్వ రుసుము 500. నీ అజ్ఞానం మీద వాళ్ల లాభం అన్నమాట.

"నూటికి నూరు శాతం రాయల్టీ" చూసి మురిసిపోయినట్టున్నావు. లెక్క వెయ్యి. పుస్తకం వెల 200 అనుకో. అమ్మేవాడి కమీషను సగం పోతే 100. అచ్చుఖర్చని 85 తీసేస్తే మిగిలేది 15, అందులో నూరు శాతం నీది. ఇది దొంగతనం కాదు, కాగితం మీద అన్నీ రాసే ఉంటాయి. చదవడానికి మొహమాటపడతామని వాళ్లకి తెలుసు.

అన్నిటికన్నా ఆ ఏడో షరతు. అన్ని భాషల్లో, అన్ని రూపాల్లో హక్కులు శాశ్వతంగా వాళ్లవట. డబ్బు నీది, హక్కులు వాళ్లవీనా? హక్కు బదిలీ రాతపూర్వకంగానే జరగాలని 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ చెప్తుంది. గడువు రాయకపోతే ఐదేళ్లు, ఎక్కడివరకో రాయకపోతే భారతదేశం వరకే అని కూడా అందులోనే ఉంది. కానీ వీళ్లు "శాశ్వతంగా" అని రాసుకున్నారు కదా, అందుకని సంతకం పెట్టకు. అచ్చు హక్కు మాత్రమే, మూడేళ్లకి, అని మార్చమను. ఆడియో, అనువాదం, సినిమా నీ దగ్గరే ఉండాలి. మార్చమంటే వాళ్లు నొచ్చుకుంటారు. నొచ్చుకోనీ. నా సలహా అడిగితే విజయవాడలో ప్రెస్సుకి నువ్వే వెళ్లి, 300 కాపీలు వేయించుకో. అప్పుడు ప్రచురణకర్తవి నువ్వే కాబట్టి, కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరాకీ, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకీ నెలలోగా తలో కాపీ పంపు. 1954 నుంచి చట్టం ఉంది, పాటించేవాడు తక్కువ. నేను నాలుగు పుస్తకాలూ పంపాను, ఆ రసీదులు చూసుకుంటే అదో తృప్తి.

కథల నెత్తిన పెట్టిన పాటల పల్లవులు తీసెయ్. సినిమా పాట హక్కులు సాధారణంగా మ్యూజిక్ కంపెనీల దగ్గరుంటాయి. శ్రీశ్రీగారి పాదాలూ పెట్టావు. రచయిత పోయిన తరవాతి ఏడాది నుంచి అరవై ఏళ్లు హక్కులుంటాయి. ఆయన 1983లో పోయారు, అంటే 2043 చివరిదాకా. నాలుగు ముక్కలు ఉటంకిస్తే జైలుకేమీ పోవులే, వ్యాసంలో చర్చించడానికి చట్టం వెసులుబాటు ఇస్తుంది. కానీ నువ్వు చర్చించలేదు, అలంకారానికి వాడుకున్నావు. నీ కథకి ఆయన భుజం ఎందుకు? అట్టమీద బొమ్మ కూడా గూగుల్‌లో దొరికిందన్నావు. గూగుల్ గీయలేదు కదా దాన్ని.

నీకూ ఇదంతా ఎదురుతిరుగుతుంది. నా కథ ఒకటి యూట్యూబ్‌లో ఎవరో చదివి పెట్టారు. నా పేరు ఎక్కడా లేదు, మధ్యలో వంటనూనె ప్రకటన వస్తోంది. రాస్తే, "మీ కథకి ప్రచారం చేస్తున్నాం కదా మేడమ్" అన్నాడు. నాకూ ఒక క్షణం నిజమే కదా అనిపించింది చూడు, అదీ మన జబ్బు. యూట్యూబ్‌లోనే కాపీరైట్ ఫిర్యాదు ఫారం ఉంటుంది, లాయరు అక్కర్లేదు, మీ చెల్లి పక్కన కూర్చుని నింపింది. వీడియో పోయింది. నీ పుస్తకం పీడీఎఫ్ టెలిగ్రామ్‌లో కనబడితే అలాగే చెయ్యి, కానీ ముందు నీ ఫోన్లో ఉన్న ఆ ఎనిమిది వందల పీడీఎఫ్‌ల సంగతి చూసుకో.

అవార్డు వచ్చిందని ఫోన్ వస్తుంది, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటారు. శాలువా కావాలంటే మా ఇంట్లో తొమ్మిదున్నాయి, ఒకటి పట్టుకుపో.

ఇక ఆరో కథ. పుస్తకంలో అన్నిటికన్నా బాగున్నది అదే, అందుకే రెండుసార్లు చదివాను. పేరు మార్చావు, ఊరు మార్చావు, ఉద్యోగం మార్చావు. కానీ అప్పిచ్చినవాడు ఇంటికొస్తే పెరటి గోడ దూకి, మామిడిచెట్టు కింద చెప్పులు వదిలేసి పోయిన మనిషి మీ నాన్నే. ఆ చెప్పులు తెచ్చి ఇంట్లో పెట్టింది నేను. మన వీధిలో ఇంకా నలుగురికి ఆ సంగతి గుర్తుంది. నువ్వు ప్రేమతోనే రాశావు, నాకు కనబడింది. ఆయనకి కనబడుతుందో లేదో నాకు తెలీదు. ఆ కథ తీసెయ్యమని నేను అనను, ఉంచమనీ అనను. ఆ మాట అనాల్సింది ఆయన.

వచ్చే ఆదివారం రా. భోజనాలయ్యాక వరండాలో ఆయనకి నువ్వే చదివి వినిపించు, ఫోన్లో కాదు, కాగితం మీద. నేను లోపల గిన్నెలు సర్దుకుంటూ ఉంటాను. ఆయన పిలిస్తే వస్తాను.

మీ అత్త